నిండు నిమిషం

2023 మార్చి 11, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. నా డైరీలో ఆ పేజీ మీద మొదటి వాక్యం ఇది: "ఆమె ఉష చెయ్యి పట్టుకుంది." దాని కింద ఒక నిలువు గీత, దానికి అటూ ఇటూ అంకెలు. ఆ వాక్యం అక్కడ ఎందుకు రాశానో చెప్పలేను. లెక్క మొదలుపెట్టే ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాసుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈ రెండేళ్ళలో ఆ పేజీలోని అంకెలన్నీ పాతబడిపోయాయి. ఆ వాక్యం మాత్రం నేను డైరీ తెరిచిన ప్రతిసారీ నాకంటే ముందు లేచి కూర్చుంటోంది.

ఆమెను మలేషియా తీరంలోని మా బాగన్ దాతుక్‌లో అందరూ మిస్సీ అనేవారు. ఇక్కడ నర్సును మలయ్‌వాళ్ళూ, తమిళులూ, మనవాళ్ళూ పిలిచేది ఆ మాటతోనే. నాకు మిస్సీ అప్ప. మా అమ్మాయి ఉషకు మిస్సీ మామ్మ. ఆమెకు ఒక పేరు ఉండేది. ప్రభుత్వ ఆసుపత్రి జీతాల పుస్తకంలో ముప్పై నాలుగేళ్ళపాటు ఉంది, ఇప్పుడు మరణ ధ్రువపత్రంలో ఉంది. నా డైరీలో లేదు. పేరు పెట్టి పిలిస్తే ఎవరో వార్డు తనిఖీకి వచ్చినట్టుంటుందని ఆమె అనేది. అందుచేత ఇక్కడా రాయను.

ఆమె ఇంటికి వెళితే ముందు కనిపించేది కుళాయి. మెట్టు పక్కన, మోకాలెత్తున, దానికి వలసంచిలో ఎర్ర సబ్బు వేలాడుతుండేది. చేతులు కడుక్కోని మనిషికి లోపల కుర్చీ లేదు. ఒకసారి ఆలయ కమిటీ అధ్యక్షుడు చందా పుస్తకంతో వచ్చి నేరుగా గడప దాటబోతే, ఆమె లోపలినుంచే చెయ్యి చాచి కుళాయి చూపించింది. ఆయన కడుక్కున్నాడు. యాభై రింగ్గిట్లు ఇచ్చింది.

బాటిక్ కైలీ, తెల్లటి రవిక, రవికకు ఎడమవైపు తలకిందులుగా వేలాడే గడియారం. పదవీ విరమణ చేసి పద్దెనిమిదేళ్ళయినా ఆ గడియారం ఆమె రవిక వదలలేదు. ఎదుటివారికి తలకిందులుగా కనిపించే ఆ ముఖం ఆమె తల వంచితే ఆమెకు నేరుగా కనిపించేది. ఆమె తల వంచిందంటే ఎవరిదో చెయ్యి ఆమె చేతిలో ఉన్నట్టు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి అందుకునేది. ఆప్యాయత అనుకునేవారు. మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి ఆమె నాడి లెక్కపెట్టేది. నా పెళ్ళినాడు అక్షింతలు వేసి, చెయ్యి పట్టుకుని, "నూటనాలుగు. మంచినీళ్ళు తాగు" అంది. మా వారు పోయిననాడు కూడా అలాగే పట్టుకుంది. ఆ రోజు అంకె చెప్పలేదు.

ఆమెకు కోపం వచ్చే సందర్భం ఒక్కటే నేను చూశాను. మా ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో ఒక క్లినిక్కులో నాకు తోడుగా వచ్చింది. అక్కడి చిన్న నర్సు అర నిమిషం నాడి చూసి, దాన్ని రెండింతలు చేసి కాగితం మీద వేసింది. మిస్సీ అప్ప ఆ పిల్లతో మలయ్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడింది. బయటకొచ్చి కారులో కూర్చున్నాక నాతో అంది: "సగం లెక్కెట్టి రెండింతలు సేసీసింది. ఆ రెండో సగంలో ఏటి జరిగిందో దానికెలా తెలుసు? నిండా నిమిషం ఉండాల."

ఆమె దగ్గర ఒక బిస్కట్ల డబ్బా ఉండేది. పిల్లలను నర్సింగులో చేర్చాలనుకునే తల్లిదండ్రులు కాలేజీల రంగుల కాగితాలు పట్టుకుని కౌలా సెలంగోర్ నుంచి కూడా ఆమె దగ్గరకు వచ్చేవారు. చదివాక ఆ కాగితాలు డబ్బాలోకి వెళ్ళేవి. ఇది మంచి కాలేజీ, అది చెడ్డది అని ఆమె ఎవరికీ చెప్పలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో రాయందేటి?" అని అడిగేది. వచ్చినవారు తెల్లబోతే తనే మొదలుపెట్టేది. తెల్ల బూట్లు ఏడు నెలలకు అరిగిపోతాయి, మూడేళ్ళకు ఆరు జతలు, అవి రాయలేదు. పరీక్ష తప్పితే మళ్ళీ కట్టే రుసుము రాయలేదు. వార్డుకు, హాస్టలుకు మధ్య బస్సు రాయలేదు. అవన్నీ పెన్సిలుతో అంచున వేసేది. ఆ తర్వాత మూడు ప్రశ్నలు, ఎప్పుడూ అదే వరసలో: ఎన్నాళ్ళు, ఎంత డబ్బు, ఎవల సంతకం.

ఈ పద్ధతి చూసే నేను ఉషను తీసుకువెళ్ళాను.

ఉషకు అప్పుడు ఇరవై మూడు. జీవశాస్త్రంలో డిగ్రీ చేసి, ఒక ల్యాబులో పద్నాలుగు నెలలు సీసాలు లెక్కపెట్టి, నర్సు అవుతానని వచ్చింది. పాత చదువు అప్పు అప్పటికి 21,400 రింగ్గిట్లు మిగిలి ఉంది. ముందు రెండు దారులున్నాయి. ఇపోలోని ఒక ప్రైవేటు కాలేజీలో, డిగ్రీ ఉన్నవారికోసం, రెండేళ్ళలో ముగిసే నర్సింగు డిగ్రీ ఒకటి. జోహోర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి తన ఖర్చుతో చదివించే మూడేళ్ళ డిప్లొమా రెండవది. దానికి చదువయ్యాక ఐదేళ్ళు అక్కడే పని చేస్తానని బాండు రాయాలి. మొదటిదాన్ని మిస్సీ అప్ప వినగానే బేగి సదువు, అంటే త్వరగా అయిపోయే చదువు, అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచిపోయింది.

నేను పామాయిలు మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా తాత ఎస్టేటులో కేరాణి, అంటే గుమాస్తా. మా నాన్న కూడా. ఆ కారణంగా మిస్సీ అప్ప నన్ను అవసరమున్నప్పుడు కేరాణమ్మ అని ఎత్తిపొడిచేది. ఆ శనివారం నేను గీత గీసిన కాగితం బల్ల మీద పరిచినప్పుడు కూడా అంది: "కేరాణోరి మనవరాలు లెక్కతోటే వచ్చినాది. ఇంక నాతోటి పనేటి?" నవ్వింది. కర్రపెండలం ఉడకబెట్టి కొబ్బరికోరు వేసిన పళ్ళెం ఉష ముందుకు తోసి, ఆ చేత్తోనే ఉష చెయ్యి అందుకుంది.

నేను చదివాను. ఎడమ వైపు, బేగి చదువు. రుసుము 64,800. హాస్టలు, తిండి నెలకు 800 చొప్పున ఇరవై నాలుగు నెలలకు 19,200. బట్టలు, బూట్లు, పుస్తకాలు, రిజిస్ట్రేషను 3,000. మొత్తం 87,000. ఇదంతా బ్యాంకులో తీసుకుంటే పదేళ్ళపాటు నెలకు 940, తీరేసరికి 1,12,800. పాత అప్పు వేరు.

కుడి వైపు, జోహోర్. రుసుము లేదు. నెలకు 600 భత్యం, మూడేళ్ళకు 21,600 మనకే వస్తుంది. బాండు ఐదేళ్ళు. మధ్యలో వదిలేస్తే 90,000 కట్టాలి. వదిలేయకపోతే ఏమీ కట్టనక్కర్లేదు.

మిస్సీ అప్ప తల వంచుకునే ఉంది. నేను ఎడమ వైపు ముగించాక ఆగమని వేలు ఎత్తింది. ఒక నిమిషం గడిచింది. నా లెక్క కాగితం అంచున పెన్సిలుతో ఏదో వేసింది. కుడి వైపు ముగించాక మళ్ళీ అలాగే. రెండోసారి కాగితం నా వైపు తిప్పింది. ఎడమ గడి కింద 98. కుడి గడి కింద 76.

"ఇదేం లెక్క మామ్మా?" అని ఉష చెయ్యి వెనక్కి తీసుకుంది. దాని తెలుగు అంతంత మాత్రం, ఇక్కడి అందరిలా మాట చివర 'లా' తగిలిస్తుంది. సిగ్గుపడితే ఆ కాస్తా తమిళంలోకి జారిపోతుంది.

మిస్సీ అప్ప నాతోనే మాట్లాడింది. "నాడి అబద్దమాడదు గానీ అంతా సెప్పదు. ఇది బయమో ఆశో నాకు తెలీదు. రెండింటికీ ఇలాగే కొట్టుకుంటాది. నువ్వే అడుగు. తల్లివి."

అడుగుతానన్నాను. దారిలో కారు నడుపుతూ, 1,12,800 అన్న అంకె విన్నప్పుడు ఏ ఆడపిల్ల గుండె అయినా అలాగే కొట్టుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి చేరేసరికి అది నాకు తెలిసిన విషయం అయిపోయింది. డైరీలో 98 వేసుకుని, దాని పక్కన "భయం" అని రాశాను.

తర్వాతి శనివారం, మార్చి 18న, ఆమె ఫోను చేసి నన్ను ఒక్కదాన్నే రమ్మంది. నేను చేతులు కడుక్కుని కూర్చున్నాక, పింఛను డబ్బులోంచి కూడబెట్టినది బ్యాంకులో నలభై వేలు ఉన్నాయనీ, తనకు అక్కరలేదనీ, ఉష బేగి చదువు కావాలంటే తీసుకొమ్మనీ చెప్పింది. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పింది. ఆలోచిస్తానన్నాను. ఆమె తలూపి, కొబ్బరినూనె ఈసారి బాగా దిగిందని ఒక సీసా ఇచ్చింది.

వారం రోజులు ఆలోచించాను. నేను ఆలోచించడం అంటే లెక్క వెయ్యడం. నలభై వేలు ఆమె ఇస్తే బ్యాంకు అప్పు 47,000కు తగ్గుతుంది, నెలకు 508. ఆమె నలభై వేలు ఎనిమిదేళ్ళలో, తొంభై ఆరు వాయిదాలలో తిరిగి ఇవ్వాలి: తొంభై ఐదు నెలలు 417, ఆఖరి నెల 385. సరిగ్గా సరిపోయింది. ఆ సరిపోవడం నాకు ఎంతో తృప్తి ఇచ్చింది. మిల్లు తరఫు లాయరు ఆఫీసులో ఒక ఒప్పందపత్రం నమూనా తీసుకుని, అప్పు ఉష పేరున ఉండేలా మలయ్‌లో టైపు చేయించి, మూడు ప్రతులు తీయించి, స్టాంపు రుసుము కట్టి, మార్చి 25న పట్టుకెళ్ళాను. ఒంటరి మనిషి సొమ్ము తీసుకుంటున్నాను, ఆమెకు రక్షణ ఉండాలి కదా అనుకున్నాను. ఇందులో నాకు కపటం లేదని ఇప్పటికీ ప్రమాణం చేయగలను.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పక్కన ఒక బకెట్టు కనిపించింది. అందులో మొలకెత్తిన కొబ్బరికాయ. రెండాకులు, జానెడు ఎత్తు. డైరీలో రాశాను కూడా: "బకెట్టులో మొలకకాయ ఒకటి." మా ముందుతరాలవాళ్ళు కొబ్బరి ఎస్టేటు లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఉన్నప్పుడు ఒకరి దగ్గర ఒకరు అప్పు తీసుకుంటే కాగితం ఉండేది కాదు. తీసుకున్నవాళ్ళు ఇచ్చినవాళ్ళ పెరట్లో ఒక కొబ్బరి మొక్క నాటేవారు. దానికి నీళ్ళు పోయడానికి వస్తూ పోతూ ఉండాలి. అది మొదటి గెల వేసేలోపు అప్పు తీరాలి. మా నాయనమ్మ ఈ సంగతి చెప్పగా చిన్నప్పుడు విన్నాను. విన్నది జ్ఞాపకానికి వచ్చి ఉంటే, ఆ బకెట్టు నా కోసమే అక్కడ ఉందని తెలిసేది. నా చంకలో ప్లాస్టిక్ ఫైలు ఉంది. అందులో స్టాంపు వేసిన మూడు ప్రతులున్నాయి.

ఆమె మళ్ళీ చేతులు కడుక్కుని వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒప్పందం మొదటి అక్షరం నుంచి ఆఖరిదాకా చదివింది. "తొంబయ్యారు నెలలు. ఆఖరి నెల మూడొందల ఎనబయ్యైదు. బాగా తేల్చినావమ్మా" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. తర్వాత పేజీ వెనక్కి తిప్పి ఏడో నిబంధన మీద వేలు పెట్టింది. అప్పు ఇచ్చినవారు మరణిస్తే మిగిలిన బాకీ వారి వారసులకు చెల్లించాలని అందులో ఉంది. వారసుల పేరు దగ్గర చుక్కలు.

"ఈ సుక్కల మీద ఎవల పేరు రాయాల?"

ఆమెకు పెళ్ళి లేదు. తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ సంగతి ఈ ఊళ్ళో తెలియనివారు లేరు. నాకు తెలుసు. టైపు చేయించేటప్పుడు కూడా తెలుసు.

"అది నీ ఇష్టం, మిస్సీ అప్పా" అన్నాను. "ఎవలైనా ఉంటే."

"ఎవలైనా ఉంటే," అంది ఆమె, నా మాటను మెల్లిగా మళ్ళీ చెప్పి చూస్తున్నట్టుగా.

మూడు ప్రతులూ మడిచి బిస్కట్ల డబ్బాలో పెట్టింది. సంతకం ఎప్పుడని నేను అడగలేదు. పళ్ళెం తెచ్చింది. తిన్నాను. నేను లేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. అది నాకు ఇంటికి వచ్చాక తట్టింది.

ఎనిమిది రోజులు ఆమె నుంచి ఫోను రాలేదు. నేనూ చేయలేదు. ఏప్రిల్ 2, ఆదివారం, జోహోర్ దరఖాస్తు నింపాను. అప్పు లేదు, వడ్డీ లేదు, ఎవరికీ తలవంచనక్కర్లేదు అని ఉషతో చెప్పాను. ముప్పై ఒకటో ఏట బాండు తీరి బయటపడతావు, అదేమంత వయసు అన్నాను. ఉష కాగితం కేసి కాసేపు చూసి, "ఓకే లా, అమ్మా" అని సంతకం పెట్టింది. అది ఎంతసేపు చూసిందో నా దగ్గర లెక్క లేదు. నేను పెన్ను మూత వెతుకుతున్నాను.

జూలై 2న, బయల్దేరే ముందు ఇద్దరం వెళ్ళాం. బకెట్టు అక్కడ లేదు. మొక్క కుళాయి వెనక నేలలో ఉంది. ఎవరు నాటారని నేను అడగలేదు. మిస్సీ అప్ప ఉత్సాహంగా ఉంది. ఉషకు తన పాత కత్తెర ఇచ్చింది. తర్వాత ఒక దిండు ఒళ్ళో పెట్టుకుని, చనిపోయినవారి దవడకు కట్టు ఎలా కట్టాలో చూపించడం మొదలుపెట్టింది. మా లైన్లలో ఏ ఆడమనిషి పోయినా కడిగి, కట్టి, పడుకోబెట్టింది ముప్పై ఏళ్ళుగా ఆమే. మొదటి గంట దాటితే బిగుసుకుపోతుంది, గడ్డం కింద బట్ట మడత రెండు వేళ్ళ వెడల్పు ఉండాలి, ముడి నెత్తి మీద కాదు, చెవి పక్కన. ఉష మూడుసార్లు కట్టింది. మూడోసారి మిస్సీ అప్ప ముడి లాగి చూసి ఒప్పుకుంది.

"నాను పోయినప్పుడు నువ్వే రావాల. ఈలు వదులుగా కడతారు. నోరు తెరుసుకుని పోతే ఊరంతా ఏటి సెప్పాలనుకుందో అని అడుగుతారు."

ఉష నవ్వి, "వస్తాను లా, మామ్మా" అంది. ఆమె ఉష చెయ్యి పట్టుకుంది, తల వంచింది. ఎంత వచ్చిందో చెప్పలేదు.

తర్వాతి పంతొమ్మిది నెలల్లో నేను బాగన్ దాతుక్ వెళ్ళింది పదకొండుసార్లు. ప్రతిసారీ పళ్ళెం, కొబ్బరినూనె, ఉష గురించి ప్రశ్నలు. బూట్లు ఎన్ని నెలలు వచ్చాయని అడిగేది. ఎనిమిది అని చెబితే, పిల్ల వార్డులో తక్కువ నడుస్తోందనేది. డబ్బు మాట ఆమె ఎత్తలేదు. ఒప్పందం మాట నేను ఎత్తలేదు.

2025 ఫిబ్రవరి 18, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పక్కింటి ముసలామె వెళ్ళి చూస్తే మిస్సీ అప్ప మంచం మీద లేదు. కుర్చీలో ఉంది, రవిక మీద గడియారంతో. నాకు ఏడింటికి కబురు. ఉషకు నేను ఏడుంబావుకు చెప్పాను. ఎనిమిది దాటి ఐదు నిమిషాలకు ఉష ఫోను చేసింది. ప్రాక్టికల్ పోస్టింగులో ఉంది. దగ్గరి బంధువు చనిపోతేనే సెలవు. లేకుండా వెళితే ఆ పోస్టింగు మొత్తం మళ్ళీ చెయ్యాలి.

"అమ్మా, ఫారంలో సంబంధం అని గడి ఉంది. ఏం రాయను? నెనెక్ అని రాసేయనా?"

నెనెక్ అంటే మలయ్‌లో అమ్మమ్మ. నాకు ఆ క్షణం తోచింది ఒక్కటే, ఎవరైనా పరిశీలిస్తే జనన పత్రాలు అడుగుతారని. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను ఏ గడిలోనూ లేనిది రాయలేదు.

"లేనిది రాయకు" అన్నాను.

ఉష, టీ విరామం పదీ పదిహేనుకు ఉంటుందనీ, ఇరవై నిమిషాలనీ, అప్పుడు ఫోను చేస్తాననీ, దవడ కట్టు నన్నే కట్టమనీ చెప్పింది.

నేను ఎవరినీ కడగలేదు అంతకుముందు. మా అమ్మను కడిగింది కూడా మిస్సీ అప్పే. పక్కింటి ముసలామె, ఆమె కోడలు నీళ్ళు తెచ్చారు. నేను కుళాయి దగ్గర ఎర్ర సబ్బుతో మోచేతులదాకా కడుక్కున్నాను. ఫోను కిటికీ అరుగు మీద పెట్టాను. ఉష గొంతు ఆసుపత్రి మెట్ల మీదనుంచి వస్తున్నట్టుంది, వెనక ప్రతిధ్వని. అది తెలుగులో అంతసేపు ఏకధాటిగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. తడిపిన దూది కళ్ళ మీద. గుడ్డ మడత రెండు వేళ్ళు. గడ్డం కిందనుంచి పైకి. ముడి చెవి పక్కన, అమ్మా, నెత్తి మీద కాదు.

"బిగిసిపోయింది," అన్నాను. "గంట దాటిపోయింది కదా."

"వెచ్చటి గుడ్డ పెట్టు. మెల్లిగా. మామ్మ చెప్పింది కదా, తొందరపడకు."

పెట్టాను. మెల్లిగా దవడ కలిసింది. కట్టు కట్టి ముడి లాగి చూశాను. తర్వాత రవికమీది గడియారం విప్పాలి. విప్పి చేతిలోకి తీసుకున్నాక, నేను ఎందుకు చేశానో తెలియదు, ఆమె మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, తల వంచి, ముల్లు చూడడం మొదలుపెట్టాను. పదిహేను. ముప్పై. ముప్పై దగ్గర ఆపి రెండింతలు చేసినా అంకె మారదు. ఆపలేదు.

"అమ్మా? ఏం చేస్తున్నావు?"

"లెక్కపెడుతున్నాను."

ముల్లు చుట్టు పూర్తయ్యేదాకా ఉష కూడా అక్కడే ఆగింది. తర్వాత దాని విరామం అయిపోయింది.

పదో రోజు ముగిశాక పక్కింటి ముసలామె బిస్కట్ల డబ్బా నాకు ఇచ్చింది. మిస్సీ అప్ప ముందే చెప్పి ఉంచిందట. ఇంటికి తెచ్చి తెరిచాను. కాలేజీల కాగితాల అడుగున నా మూడు ప్రతులు ఉన్నాయి. రెండు నేనిచ్చినట్టే ఉన్నాయి. మూడోదానిలో ఏడో నిబంధన దగ్గర, చుక్కల మీద, పెన్సిలుతో, మా అమ్మాయి పేరు రాసి ఉంది. పక్కన తేదీ కూడా వేసింది: 2023 మార్చి 25. అంటే నేను గేటు దాటిన రోజే.

ఎన్నిసార్లు చదివినా ఆ లెక్క అలాగే తేలింది. ఆమె పోతే బాకీ ఉషకు చెల్లించాలి. బాకీ ఉన్నది ఉషే. నేను స్టాంపు వేయించి తెచ్చిన కాగితాన్ని ఆమె ఒక్క పేరుతో, నా నిబంధన ఒక్క అక్షరం చెరపకుండా, కానుక చేసేసింది. సంతకం మాత్రం పెట్టలేదు. అది పెట్టడానికి నేను మళ్ళీ రావాలి. చేతిలో ఫైలు లేకుండా వచ్చి ఆ మొక్క నాటాలి. ఎనిమిది రోజులు చూసి ఉంటుంది. తర్వాత జోహోర్ సంగతి నేనే ఫోనులో చెప్పాను. మంచిదమ్మా, అంది.

అప్పటినుంచి ఒకటి జరుగుతోంది. మిల్లు ఆఫీసులో నేను ఏ కాగితం మీద సంతకం పెట్టబోయినా, ఎడమ మణికట్టు మీద రెండు చోట్ల చల్లబడుతుంది. డాక్టరుకు చూపించాను. ఏమీ లేదన్నాడు. అతను అర నిమిషమే చూశాడు.

ఈ ఏడాది జూలై 27, ఆదివారం, ఉష సెలవుకు వచ్చి ఉండగా, ఆ పాత లెక్క కాగితం తీసి బల్ల మీద పెట్టాను. ఉష అక్కడ బాగానే ఉంది. వార్డులో పేరు తెచ్చుకుంది. మనిషి కొంచెం చిక్కింది. బేగి చదువులో ఆ జూలైలో చేరినవారు ఈ జూన్‌లో ముగించి బయటికొచ్చారని నాకు తెలుసు. వాళ్ళలో ఎవరో నెలకు 940 కడుతూ తనను తాను తిట్టుకునే తల్లికి కూతురై ఉండవచ్చు; అదీ నాకు తెలుసు. ఇపో నుంచి బాగన్ దాతుక్ కారులో రెండు గంటలలోపే. జోహోర్ బస్సు చార్జీ నా పట్టికలో వేశాను గానీ దూరం వెయ్యలేదు.

98 చూపించి అడిగాను. ఆ రోజు నీకు వేసినది భయమా, ఆశా?

ఉష ఆ పెన్సిలు అంకెలను చాలాసేపు చూసింది.

"తెలీదమ్మా. మామ్మ చెయ్యి చల్లగా ఉంది, అప్పుడే కడుక్కుని వచ్చింది కదా. నాకు అదే గుర్తుంది."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఉష వెనక్కి తీసుకోలేదు.

లెక్క ఇది.

పోయినవి: మనిషి ఒకరు. ఉష వస్తానన్న మాట ఒకటి. నాటవలసిన మొక్క ఒకటి, నా చేతిమీదుగా. నలభై వేలు బ్యాంకులో ఉన్నాయి; అడగడానికి ఎవరూ లేరు. స్టాంపు రుసుము, టైపు ఖర్చు కలిపి 236.

ఉన్నవి: గడియారం ఒకటి, నడుస్తోంది. కత్తెర ఒకటి, ఉష దగ్గర. బిస్కట్ల డబ్బా ఒకటి. కుళాయి వెనక కొబ్బరి మొక్క ఒకటి, నా భుజం ఎత్తు, గెల వేయలేదు. ఆదివారాలు వెళ్ళి నీళ్ళు పోస్తున్నాను. పాత చదువు అప్పులో మిగిలినది 16,950. బాండులో మిగిలినది ఆరేళ్ళు, చదువుతో కలిపి.

అడగవలసిన ప్రశ్న ఒకటి. అడిగినది 869 రోజుల తర్వాత.

ఉష నాడి, జూలై 27, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు: 81. నిండా నిమిషం.